గబ్బిలం మోసిన కబురు

రెక్కలు ఉన్నాయి గాని పక్షి కాదు. పిల్లలకు పాలు ఇస్తుంది గాని పశువు కాదు. పగలంతా తలకిందులుగా వేలాడుతుంది. పొద్దుగూకినాక లేస్తుంది. గుడి తలుపుకు తాళం వేసినా లోపలికి పోతుంది. ఏమిటది?

మీరు ఈపాటికి చెప్పేసే ఉంటారు. గబ్బిలం. మన దిక్కు గబ్బిలాయి అని కూడా అంటారు. పాతబడ్డ గుళ్ళలో, గుట్టల సొరికెల్లో, పాడుబడ్డ గడీల్లో ఇవి గుంపులుగా ఉంటాయి. పెద్ద రకం గబ్బిలాలు ఊరి బయట మర్రిచెట్టుకో, చింతచెట్టుకో నల్లని సంచుల లెక్క వేలాడుతుంటాయి. ఇంట్లోకి వచ్చిందంటే చాలు, "అరిష్టం" అని చీపురు పట్టుకొని తరుముతాం. దాని ముఖం చూస్తే కీడు అంటాం. కోకిల మీద పాట కడతాం. చిలకను బొమ్మ గీస్తాం. హంసను చీర అంచు మీద నేస్తాం. గబ్బిలాన్ని మాత్రం ఎవరూ దగ్గరికి రానీయరు.

అట్లాంటి జీవి మీద తెలుగులో ఒక గొప్ప కావ్యం ఉంది. దాని పేరు కూడా "గబ్బిలం". రాసిన కవి గుర్రం జాషువా. అది 1941లో వచ్చింది. కావ్యం అంటే పద్యాలలో చెప్పిన పెద్ద కథ అనుకోండి. ఆ కవి ఎవరు, గబ్బిలాన్ని ఎందుకు ఎంచుకున్నాడు, అట్లాంటి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి అనేది ఈ పాఠంలో చదువుదాం.

కవి ఎవరు?

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. అప్పుడు అది కృష్ణా జిల్లా. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తండ్రిది యాదవ కులం. తల్లిది మాదిగ కులం. వాళ్ళు క్రైస్తవ మతంలో ఉన్నారు. ఊరు ఆ పిల్లవాడిని అంటరానివాడిగానే చూసింది. బడిలో చిన్నచూపు. బజారులో చిన్నచూపు.

వినుకొండలో ఒకసారి అవధానం జరిగింది. అవధానం అంటే పండితులు అడిగిన వాటికి అప్పటికప్పుడు పద్యం కట్టి చెప్పే సభ. ఆ సభలో జాషువా కూడా పద్యాలు చదివాడు. పద్యం బాగుందా లేదా అని కొందరు చూడలేదు. తక్కువ కులంవాడిని సభలోకి ఎవరు రానిచ్చారని గొడవ పెట్టారు. అతను అవమానంతో బయటికి వచ్చేశాడు. ఇంకోవైపు, హిందువుల పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలకు కోపం. అటు వాళ్ళూ రానీయలేదు, ఇటు వాళ్ళూ రానీయలేదు.

బతుకుదెరువు కోసం ఆయన చెయ్యని పని లేదు. రాజమండ్రిలో సినిమా హాలులో పని చేశాడు. అప్పటి సినిమాలు మూగవి. బొమ్మ కదులుతుంది గాని మాట వినపడదు. అందుకని తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చదివి చెప్పాలి. ఆ పని జాషువా చేశాడు. తర్వాత గుంటూరులో పంతుళ్ళకు శిక్షణ ఇచ్చే బడిలో చాలా ఏండ్లు పాఠాలు చెప్పాడు. తెలుగు పండితుడిగా కూడా పని చేశాడు. పంతులు పని చేసుకుంటూనే సంస్కృతం నేర్చుకున్నాడు. కాళిదాసు కావ్యాలు చదివాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చదువు ఆయనకు ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. వెతుక్కున్నాడు.

మీరు ఆయన పేరు వినకపోయినా, ఆయన పద్యం విని ఉంటారు. మన ఊళ్ళలో "సత్య హరిశ్చంద్ర" నాటకం ఆడుతారు గదా. అందులో కాటిసీను వస్తుంది. హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడి పద్యాలు అందుకుంటాడు. ఆ చోట నటులు జాషువా రాసిన శ్మశానం పద్యాలు కలిపి పాడుతారు. జనం ఈలలు వేసి, మళ్ళీ పాడమని అడుగుతారు. నాటకం రాసింది ఒకరు. ఆ పద్యాలు రాసింది జాషువా. నటుల పేర్లు చాలామందికి తెలుసు, ఈ సంగతి తక్కువ మందికి తెలుసు.

జాషువాకు చిన్న జీవాల మీద చూపు ఎక్కువ. గిజిగాడు పిట్ట గూడు అల్లే తీరు మీద పద్యాలు రాశాడు. సాలీడు మీద రాశాడు. కాని ఆయన పేరు నిలబెట్టింది గబ్బిలమే.

కథ ఏమిటి?

ముందు ఇంకో కథ చెప్పాలి. చాలా కాలం కింద కాళిదాసు అనే కవి సంస్కృతంలో "మేఘసందేశం" రాశాడు. మేఘం అంటే మబ్బు. ఒక యక్షుడు శాపం వల్ల భార్యకు దూరమై అడవిలో ఉంటాడు. ఆకాశంలో పోయే మబ్బును పిలిచి, "నా భార్యకు ఈ కబురు చెప్పు" అని బతిమాలుతాడు. ఏ దారిన పోవాలో, దారిలో ఏమేమి కనపడుతాయో చెబుతాడు. దేశమంతా మెచ్చుకున్న కావ్యం అది. దాన్ని చూసి చాలామంది కవులు హంసతోనో, గాలితోనో కబురు పంపినట్టు కావ్యాలు రాశారు.

జాషువా ఆ పద్ధతినే తీసుకున్నాడు. కాని మనిషిని మార్చాడు, కబురును మార్చాడు, మోసుకపోయే జీవిని కూడా మార్చాడు.

జాషువా కావ్యంలో కబురు పంపేది యక్షుడు కాదు. అంటరానివాడని ఊరి బయట పెట్టిన ఒక పేద మనిషి. అతనికి పేరు కూడా పెట్టలేదు కవి. అతను కష్టం చేస్తేనే పైరు పండుతుంది. లోకమంతా తింటుంది. అతని కుండలో మాత్రం మెతుకు ఉండదు. ఒక రాత్రి అతని ఇంట్లోకి ఒక గబ్బిలం వస్తుంది. అతను దాన్ని తరమడు. చుట్టం వచ్చినట్టు మాట కలుపుతాడు. తన గోడు చెప్పుకుంటాడు. "కాశీ విశ్వనాథుని దగ్గరికి పోయి నా బతుకు సంగతి చెప్పి రా" అని అడుగుతాడు.

తనే పోయి చెప్పుకోవచ్చు గదా అని మీకు అనుమానం రావచ్చు. పోలేడు. గుడి మెట్టు ఎక్కితే కొడతారు. అతని కష్టంతో గుడి లేచింది. గుడిలో నైవేద్యానికి పోయే బియ్యం అతను పండించినవే. అతనికి మాత్రం లోపలికి దారి లేదు. గబ్బిలానికి ఉంది! దాన్ని ఏ పూజారీ కులం అడగడు. అది తిన్నగా గర్భగుడిలోకి పోతుంది. దేవుని తల పైనే వేలాడుతుంది.

ఇక్కడ జాషువా ఒక మాట చెప్పిస్తాడు. నాకు ఈ కావ్యంలో అన్నిటికన్నా నచ్చిన చోటు అదే. నువ్వు గుడిలో తలకిందులుగా వేలాడుతున్నప్పుడు శివుని చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా సంగతి ఆ చెవిలో చెప్పు అని ఆ మనిషి గబ్బిలంతో అంటాడు. పూజారి ఉంటే దేవుని దాకా మాట పోనీయడని అతనికి తెలుసు. ఏడుపు వచ్చే మాట. అంతలోనే నవ్వు వచ్చే మాట కూడా. గబ్బిలం తలకిందులుగా వేలాడుతుందని మనందరికీ తెలుసు. దాన్ని అరిష్టం అన్నాం. జాషువా ఆ వేలాడటాన్నే పనికి వచ్చేటట్టు చేశాడు.

ఇంకోచోట ఆ మనిషి అడిగే ప్రశ్న గట్టిది. రాతి బొమ్మలకు పెండ్లి చేయడానికి వందలు, వేలు ఖర్చు పెడతారు, ఆకలితో ఉన్న పేదవాడి గిన్నెలో ఒక మెతుకు వేయరు, ఇదేం దేశం అంటాడు. ఈ మాట రాసి ఎనభై ఏండ్లు దాటింది. చదివినప్పుడు నిన్న రాసినట్టే ఉంటుంది.

కావ్యం రెండు భాగాలు. గబ్బిలం పోయే దారిలోని ఊళ్ళు, నదులు, పాత కోటల సంగతులు కూడా అందులో వస్తాయి. కులం గురించి చెప్పినంత కోపంగా జాషువా దేశం గురించి చెప్పడు. దేశం మీద అతనికి ప్రేమ. ఆ ప్రేమ ఉన్నందుకే కోపం వచ్చింది అనిపిస్తుంది.

కావ్యం వచ్చిన ఆరేండ్లకు, 1947లో, మద్రాసు రాష్ట్రంలో అందరూ గుడిలోకి పోవచ్చని చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అందులో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాని మీద శిక్షల చట్టం వచ్చింది. 1989లో దళితుల మీద, గిరిజనుల మీద దౌర్జన్యాలను ఆపే చట్టం వచ్చింది. చట్టాలు వచ్చినాక కూడా మన రెండు జిల్లాల్లో హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఎన్ని ఏండ్లు నడిచిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళకు తెలుసు.

అదే సంవత్సరం ఇంకో దేశంలో

గబ్బిలం చీకట్లో దేనికీ తగలకుండా ఎట్లా ఎగురుతుంది? కండ్లు లేవు అంటారు కొందరు. అది తప్పు. గబ్బిలాలన్నిటికీ కండ్లు ఉన్నాయి, చూపు ఉంది. కాని పురుగులు తినే చిన్న గబ్బిలాలు చీకట్లో చూపు మీద ఆధారపడవు.

మీరు పెద్దబాయి గడ్డ మీద నిలబడి కేక వేసి ఉంటారు. మీ కేక మీకే తిరిగి వినపడుతుంది. గుట్ట ఎదుట నిలబడి పిలిచినా అంతే. గోడకు తగిలి శబ్దం వెనక్కి వస్తుంది. చిన్న గబ్బిలం చేసేది ఇదే. ఎగురుతూ సన్నని కూతలు పెడుతుంది. ఆ కూత ఎంత సన్నగా ఉంటుందంటే మన చెవికి అందదు. అది చెట్టుకో, తీగకో, ఎగిరే దోమకో తగిలి వెనక్కి వస్తుంది. తిరిగి వచ్చిన శబ్దాన్ని బట్టి ఎదుట ఏముంది, ఎంత దూరంలో ఉంది అని గబ్బిలానికి తెలుస్తుంది.

ఈ రహస్యం మనిషికి తెలియడానికి చాలా కాలం పట్టింది. ఇటలీ దేశంలో స్పల్లంజాని అనే శాస్త్రవేత్త 1790ల్లోనే ప్రయోగాలు చేశాడు. గబ్బిలానికి కండ్లు కనపడకుండా చేస్తే అది బాగానే ఎగిరింది. చెవులు మూస్తే మాత్రం దేనికో ఒకదానికి తగిలింది. చెవితోనే దారి చూస్తోందని తేలింది. కాని శబ్దం ఏదీ వినపడలేదు గనుక జనం నమ్మలేదు. అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి మనిషి చెవికి అందని శబ్దాలను పట్టే యంత్రం ముందు గబ్బిలాలను పెట్టి చూశాడు. యంత్రం ఆ కూతలను పట్టింది. అతను, గాలాంబోస్ అనే ఇంకో శాస్త్రవేత్త కలిసి ఆ సంగతిని వివరంగా అచ్చు వేసింది ఏ సంవత్సరమో తెలుసా? 1941. మన జాషువా కావ్యం వచ్చిన సంవత్సరమే. వాళ్ళ సంగతి ఈయనకు తెలియదు, ఈయన సంగతి వాళ్ళకు తెలియదు. అక్కడ గబ్బిలం కూతను యంత్రం విన్నది. ఇక్కడ ఒక మనిషి గోడును గబ్బిలం విన్నది.

పండ్లు తినే పెద్ద గబ్బిలాల తీరు వేరు. అవి కంటితో, ముక్కుతో దారి చూసుకుంటాయి. వాటి ముఖం కుక్కపిల్ల ముఖంలాగ ఉంటుంది. రెక్కలు చాపితే ఒక మనిషి చేతులు చాపినంత దగ్గరికి వస్తాయి. మర్రి పండ్లు, జామ పండ్లు తిని గింజలను దూరంగా పడేస్తాయి. అక్కడ చెట్లు మొలుస్తాయి. ఇప్పపూలు, బూరుగు పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి. పగటి తేనెటీగ కన్నా రాత్రి తిరిగే గబ్బిలమే వాటికి ఎక్కువ పనికి వస్తుంది. ఒక పూవు పుప్పొడిని ఇంకో పూవుకు చేరుస్తుంది. నల్లమల దిక్కు ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

చిన్న గబ్బిలాలు దోమలను, పైరుకు పట్టే పురుగుల రెక్కల పురుగులను తింటాయి. గబ్బిలం గుడ్డు పెట్టదు. పిల్లను కంటుంది, పాలు ఇస్తుంది. మామూలుగా ఒక కాన్పుకు ఒకే పిల్ల. అందుకే ఒక గుంపును చంపితే మళ్ళీ పెరగడానికి చాలా ఏండ్లు పడుతుంది.

కాకి పద్యం, గాజుపెట్టె

జీవి మీద గొప్ప పద్యం వచ్చిన సంగతి వేరే దేశాల్లో కూడా ఉంది. అందులో ఒకటి చెబుతాను. ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ అనే గొప్ప రచయిత ఉండేవాడు. ఆయన ఒక కాకిని పెంచాడు. మన ఊరి కాకి కాదు, అంతకన్నా పెద్దది, మాటలు నేర్చుకునే జాతి. దాని పేరు గ్రిప్. అది రంగు తినే పిచ్చి ఉన్న కాకి. గోడలకు వేసే సీసం రంగు తిన్నది. 1841 మార్చిలో చనిపోయింది. డికెన్స్ ఆ కాకిని తన నవలలో ఒక పాత్రగా పెట్టాడు. చనిపోయినాక దాని తోలులో దూది కూర్చి, బతికి ఉన్నట్టు నిలబెట్టి, గాజుపెట్టెలో పెట్టించాడు.

ఆ నవలను అమెరికాలో ఎడ్గార్ అలన్ పో అనే కవి చదివాడు. చదివి పత్రికలో విమర్శ రాశాడు. కాకి పాత్రను ఇంకా బాగా వాడుకోవచ్చు గదా అన్నాడు. తర్వాత 1845లో ఆయనే ఒక కాకి మీద పద్యం రాశాడు. రాత్రిపూట ఒక మనిషి గదిలోకి కాకి వస్తుంది. ఎన్ని ప్రశ్నలు అడిగినా ఒకటే మాట చెబుతుంది. ఆ పద్యం ప్రపంచమంతా పాకింది. కవికి పేరు వచ్చింది గాని పైసలు పెద్దగా రాలేదు. డికెన్స్ కాకిని చూసే పో తన పద్యం రాశాడని చాలామంది పండితులు అనుకుంటారు.

ఆ గాజుపెట్టె చేతులు మారి మారి, చివరికి అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని ప్రజా గ్రంథాలయానికి 1971లో చేరింది. పో తన చేత్తో రాసిన ఆ పద్యం పూర్తి ప్రతి కూడా అదే గ్రంథాలయంలో ఉంది. పద్యానికి ప్రాణం పోసిన కాకి, కవి చేతిరాత రెండూ ఒకే చోట ఉన్నాయి. ఏ ఊరివాడైనా పోయి చూడవచ్చు.

ఒక చచ్చిన కాకిని అంత భద్రంగా ఎందుకు దాచారు అని నవ్వవచ్చు. నవ్వండి. కాని మన సంగతి కూడా చూసుకోవాలి. "గబ్బిలం" మొదట అచ్చయిన ప్రతిని మన కండ్లతో చూడాలంటే ఎక్కడికి పోవాలి? పాత గ్రంథాలయాల అలమారలు వెతకాలి. ఆనాటి కాగితం కట్టెగుజ్జుతో చేసింది. అందులో ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లమే ఏండ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పసుపు చేస్తుంది, పెళుసు చేస్తుంది. మడత పెడితే అప్పడం లెక్క విరుగుతుంది. దాని మీద చెదలు, వెండిపురుగు, వాన చెమ్మ. పుస్తకం చనిపోవడానికి మంట అక్కరలేదు, కారే పెంకు ఒకటి చాలు.

2000 ఆగస్టులో హైదరాబాదులో పెద్ద వాన వచ్చింది. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి వరద నీళ్ళు వచ్చాయి. అక్కడ దాచిన ఎంతో విలువైన ఉర్దూ పుస్తకాలు తడిసిపోయాయి. ఒక్క రాత్రి వాన చేసిన నష్టం అది.

పోర్చుగల్ అనే దేశంలో పుస్తకాలను కాపాడే పద్ధతి ఒకటి ఉంది. వింటే మీరు నమ్మరు. ఆ దేశంలో కొయింబ్రా అనే ఊరు ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో మూడు వందల ఏండ్ల కింద కట్టిన గ్రంథాలయం ఉంది. దాని అలమారల వెనక చిన్న గబ్బిలాలు ఉంటాయి. వాటిని ఎవరూ తరమరు. రాత్రి అయితే అవి బయటికి వచ్చి, పుస్తకాలను తినే పురుగులను తింటాయి. సాయంత్రం గ్రంథాలయం మూసే ముందు పనివాళ్ళు పాత బల్లల మీద తోలు పరదాలు కప్పుతారు. గబ్బిలాల రెట్ట బల్లల మీద పడకూడదని. పొద్దున్నే పరదాలు తీసి ఊడుస్తారు. రోజూ ఇదే పని. మనం గుడిలో గబ్బిలాన్ని చూసి ముక్కు మూసుకుంటాం. వాళ్ళు దాన్ని పుస్తకాలకు కాపలా పెట్టుకున్నారు!

మన దిక్కు గ్రంథాలయాలు

గ్రంథాలయం పట్నంవాళ్ళ సంగతి అని అనుకోకండి. తెలంగాణలో గ్రంథాలయాలు మొదలుపెట్టినవాళ్ళలో మన దిక్కువాళ్ళు ఉన్నారు.

నిజాం కాలంలో బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగు చదువుకోవడానికి బడులు తక్కువ, పుస్తకాలు తక్కువ. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో కొందరు కలిసి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. వాళ్ళలో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఉన్నారు. ఆయన మునగాల రాజా దగ్గర దివాను. మునగాల రాజా నాయని వెంకట రంగారావు కూడా ఉన్నారు. ఆ కాలంలో మునగాల పరగణా ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలోని కృష్ణా జిల్లాలో ఉండేది. తర్వాత నల్లగొండ జిల్లాలో కలిసింది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. రావిచెట్టు రంగారావు తన ఇంట్లోనే ఆ గ్రంథాలయానికి చోటు ఇచ్చాడు. పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు దాచిన చోటుగా దానికి ఇప్పటికీ పేరు ఉంది.

నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1922లో "నీలగిరి" పత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో "గోలకొండ పత్రిక" మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నారు. ఆయన మాటతో జవాబు చెప్పలేదు. ఊరూరా కవులకు జాబులు రాసి, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" అచ్చు వేశారు. ఆ పుస్తకం లేకుంటే వాళ్ళలో ఎంతమంది పేర్లు మనకు తెలిసేవి?

ఆ రోజుల్లో సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ తిర్‌పన్ అని ఒక హుకుం ఉండేది. అంటే 53వ నంబరు ఆజ్ఞ. నలుగురు కూడి పత్రిక చదివినా పోలీసులు వచ్చి అడిగేవాళ్ళు. గ్రంథాలయం నడపడం ఆ రోజుల్లో తెగింపు పని.

ఇప్పుడు అట్లాంటి భయం లేదు. గ్రంథాలయాల కోసం 1960లో చట్టం వచ్చింది. ప్రతి జిల్లాకు ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ ఉంటుంది. దాని కింద ఊళ్ళలో శాఖా గ్రంథాలయాలు ఉంటాయి. వీటికి పైసలు ఎక్కడి నుంచి వస్తాయి? మీ దగ్గరి నుంచే. ఇంటి పన్ను కట్టినప్పుడు రశీదు జాగ్రత్తగా చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. పన్ను ఒక రూపాయి అయితే దాని మీద 8 పైసలు గ్రంథాలయానికి. రశీదు చదవడం వచ్చినవాళ్ళు ఈ గడిని వేలు పెట్టి చూపించండి, పక్కింటివాళ్ళకు కూడా చదివి చెప్పండి. పైసలు ఇచ్చేది మనం. అక్కడికి పోయి బల్ల దగ్గర కూచోవడానికి ఎవరి దయా అక్కరలేదు.

చాలా ఊళ్ళలో గ్రంథాలయం పరిస్థితి బాగుండదు. తలుపు తెరిచే మనిషి ఉండడు. ఉంటే కరెంటు ఉండదు. కొత్త పుస్తకాలు రావు. ఇది నిజం. అడిగేవాళ్ళు లేకనే గదా తాళం పడింది అని అధికారులు అంటారు. తాళం పడింది గనుకనే పోవడం మానేశాం అని జనం అంటారు. ఇద్దరి మాటా విన్నాను. ముందు పదిమంది పోయి అడిగిన చోట తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

భయం, జాగ్రత్త

గబ్బిలాల సంగతి పూర్తి కాలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు గబ్బిలం వల్లనే వచ్చిందని మాట పాకింది. కొన్ని చోట్ల భయపడి గబ్బిలాలు ఉండే చెట్లను కొట్టేశారు, పొగ పెట్టి తరిమారు. చెట్టు కొట్టేస్తే రోగం పోదు. చెదిరిన గబ్బిలాలు ఇంకా ఇండ్ల దగ్గరికి వస్తాయి.

అట్లని గబ్బిలంతో ఆడుకోవద్దు. కొన్ని గబ్బిలాల్లో రోగాలు కలిగించే క్రిములు ఉంటాయి. కేరళలో 2018లో వచ్చిన నిపా జ్వరానికి పండ్లు తినే గబ్బిలాలతో సంబంధం ఉంది. గబ్బిలం కొరికిన పండు తినకండి. పిల్లలు చెట్టు కింద పడిన జామకాయ ఏరుకుంటారు. పంటిగాటు ఉంటే పారేయమని చెప్పండి. కింద పడిన గబ్బిలాన్ని వట్టి చేత్తో పట్టుకోవద్దు. కరిస్తే వెంటనే సబ్బు, నీళ్ళతో పావుగంట కడిగి దవాఖానకు పోవాలి. మందని చెప్పి గబ్బిలం మాంసం అమ్మేవాళ్ళను నమ్మవద్దు.

పాత చట్టంలో పండ్లు తినే గబ్బిలాల్లో చాలా రకాలను పంటలు పాడు చేసే జీవాల జాబితాలో, ఎలుకల పక్కన రాశారు. వాటిని చంపినా అడిగేవాడు లేడు. 2022లో చట్టాన్ని సవరించారు. ఆ జాబితాను తీసేశారు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి నడుస్తోంది. అంటరాని జీవుల లెక్కలోంచి గబ్బిలం కాగితం మీద బయటపడింది.

పుస్తకం ఎట్లా చదవాలి?

"గబ్బిలం" పద్యాలు ఒక్కసారి చదివితే అర్థం కావు. సంస్కృతం మాటలు ఎక్కువ. మా సెంటరులో ఒక పెద్దమ్మ, "మాదిగోళ్ళ గోస మాదిగోళ్ళకు అర్థం గాని మాటల్ల రాసిండేంది బిడ్డా?" అని అడిగింది. మంచి ప్రశ్న. నాకు తోచింది చెప్పాను. ఆ కాలంలో పెద్దపెద్ద పండితులు పద్యాన్ని తమ సొత్తు అనుకున్నారు. జాషువా వాళ్ళ మాటలతోనే, వాళ్ళ పద్ధతిలోనే రాసి, వాళ్ళ కంటే బాగా రాసి చూపించాడు. తప్పు పట్టడానికి సందు ఇవ్వలేదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అంతటి పెద్ద కవి జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు. గండపెండేరం అంటే గొప్ప కవి కాలికి తొడిగే కడియం. తక్కువ కులం అని సభ నుంచి పంపినవాళ్ళకు అది జవాబు. పెద్దమ్మ విన్నది. "గట్లనా, అయితే సదివి ఇనిపియ్యి" అన్నది.

కాబట్టి ఒంటరిగా చదవకండి. పద్యం పాడటం వచ్చినవాళ్ళను పిలవండి. ఊళ్ళో నాటకం వేసే కళాకారులు ఉంటారు. వాళ్ళు రాగం తీసి పాడితే సగం అర్థం అయిపోతుంది. మిగతా సగానికి తాత్పర్యం ఉన్న ప్రతిని అడగండి. తాత్పర్యం అంటే పద్యం కింద మామూలు మాటల్లో రాసిన అర్థం. ఒక రోజు రెండు పద్యాలు చాలు.

జాషువాకు 1964లో "క్రీస్తు చరిత్ర" కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ ఏడే శాసన మండలి సభ్యుడు అయ్యాడు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో చనిపోయాడు. ఆయన తన బతుకు కథను కూడా పద్యాల్లో రాసుకున్నాడు. దాని పేరు "నా కథ". గబ్బిలం చదివినాక అది అడగండి.

గ్రంథాలయానికి పోయే ముందు ఒక చీటీ మీద రెండు వరసలు రాసుకొని పోండి. పై వరసలో గుర్రం జాషువా. కింద వరసలో గబ్బిలం. "గబ్బిలం"లో మూడే అక్షరాలు. మధ్య అక్షరానికి బకారం కింద బకారం ఒత్తు ఉంటుంది. చివరి అక్షరం పక్కన సున్న మరవకండి. సభ్యత్వానికి కొంత డిపాజిటు అడుగుతారు. రశీదు తీసుకోండి. పుస్తకం లేదని చెబితే, కావలసిన పుస్తకాలు రాసే రిజిస్టరు అడిగి, మీ చేత్తో మీరే ఆ రెండు పేర్లు రాసి, కింద సంతకం పెట్టి రండి.